జీతాలు, బిల్లులు, రిటర్నులు ఎవరి చేతిలో పెట్టాలి: షేర్డ్ సర్వీసెసా, ఔట్‌సోర్సింగా?

అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకు నెలంటే నాలుగు తేదీలు. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిన పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బీ (నెల జీఎస్టీ రిటర్ను). కంపెనీ ఒక్కటైతే నెలకు నాలుగుసార్లు టెన్షన్. అదే యజమానికి జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ, పటాన్‌చెరులో ఇంకో ఫ్యాక్టరీ, మేడ్చల్‌లో గోడౌన్లు, ఊళ్లో షోరూములు, ఇలా నాలుగు కంపెనీలుంటే అవే తేదీలు పదహారుసార్లు ముంచుకొస్తాయి. ఒక్కోచోట ఒక్కో అకౌంటెంటు, ఒక్కో టాలీ, ఒక్కో పద్ధతి. వాళ్లలో ఒకరు చెల్లెలి పెళ్లికని పది రోజులు సెలవు పెడితే ఆ కంపెనీ లెక్కలు పది రోజులు ఆగిపోతాయి.

ఈ స్థితికి వచ్చిన యజమానికి రెండు సలహాలు వినిపిస్తుంటాయి. ఒకరు "ఇదంతా బయటి వాళ్లకిచ్చేయండి, బిల్లుకింత అని కట్టి ఊరుకోండి" అంటారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదో పెద్ద విదేశీ కంపెనీలో పనిచేసే బంధువు "మా దగ్గరలాగా అన్ని కంపెనీలకూ కలిపి ఒకే సెంటర్ పెట్టండి" అంటాడు. రెండిట్లోనూ నిజం ఉంది. నేను ఈ రెండు వైపులా పనిచేశాను. మొదట బీపీఓలో, అంటే వేరే కంపెనీల పనులు చేసిపెట్టే సంస్థలో, విదేశీ కంపెనీల బిల్లులు ప్రాసెస్ చేశాను, తర్వాత హైదరాబాద్‌లోనే ఒక వ్యాపార గ్రూపుకు ఉమ్మడి అకౌంట్స్ సెంటర్ కట్టి నడిపాను. రెండు చోట్లా తప్పులు చూశాను, కొన్ని నేనే చేశాను. మన ఊళ్లో మధ్యస్థాయి గ్రూపులు నడిపేవాళ్లకు, వాళ్ల దగ్గర ఫైనాన్స్, హెచ్ఆర్ చూసేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు మాటల్లో గందరగోళం తీసేద్దాం

మన దగ్గర ఔట్‌సోర్సింగ్ అనగానే ప్రభుత్వ ఆఫీసుల్లో ఏజెన్సీ ద్వారా పనిచేసే ఉద్యోగులు గుర్తొస్తారు. అది మనుషులను సరఫరా చేయడం. ఏజెన్సీ మనిషి మన ఆఫీసులోనే కూర్చుంటాడు, పని మనమే చెబుతాం, జీతం మాత్రం ఏజెన్సీ ఇస్తుంది. ఇక్కడ మాట్లాడుతున్నది వేరు. పనినే అప్పగించడం. జీతాల లెక్క అప్పగిస్తే, ఎంతమందితో చేస్తారో, ఎక్కడ కూర్చుని చేస్తారో వాళ్లిష్టం. ఫలానా తేదీకి తప్పుల్లేని జీతాల పట్టిక మన చేతికి రావాలి, అంతే. ఈ రెండిటినీ కలిపేసి "మేం ఔట్‌సోర్స్ చేశాం" అనుకునే కంపెనీలు చాలా ఉన్నాయి. నిజానికి వాళ్ల దగ్గర పని మారలేదు, జీతం ఇచ్చే చెయ్యి మారిందంతే. మనుషుల సరఫరాలో ఇంకో చిక్కు కూడా ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పీఎఫ్ కట్టకపోతే, పని చేయించుకున్న సంస్థే ఆ డబ్బు కట్టాల్సి వస్తుంది.

షేర్డ్ సర్వీసెస్ అంటే ఏమిటో హైదరాబాద్ వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. 2001లో ఈసేవ కేంద్రాలు వచ్చాక కరెంటు బిల్లుకొక చోట, నల్లా బిల్లుకొక చోట, ఇంటి పన్నుకొక చోట వరుసలో నిలబడే బాధ తప్పింది. ఏ శాఖ నిర్ణయాలు ఆ శాఖవే. డబ్బు కట్టించుకునే కౌంటరు మాత్రం ఉమ్మడిది. కంపెనీల గ్రూపులోనూ అంతే. కొనాలా వద్దా, ఎవరికి ఎంత జీతం అన్నది ఆయా కంపెనీలే తేలుస్తాయి. బిల్లు ఎంట్రీ, చెల్లింపు, జీతాల లెక్క, రిటర్నులు, బ్యాంకు రీకన్సిలియేషన్ (మన లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడడం) లాంటివి సొంత మనుషులతో నడిచే ఒక ఉమ్మడి సెంటర్ అందరికీ చేస్తుంది. హెడ్డాఫీసులో నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టగానే అది షేర్డ్ సర్వీసెస్ అయిపోదు. ఏ పని ఎన్ని రోజుల్లో చేస్తామో సెంటర్ రాసి ఇవ్వాలి, అయిన ఖర్చు కంపెనీల మధ్య పంచాలి, పని బాగోలేకపోతే అడిగే హక్కు కంపెనీలకు ఉండాలి.

ఈ రెండూ శాశ్వతంగా వేరువేరు దారులని అనుకోవద్దు. జెన్‌ప్యాక్ట్ సంగతే చూడండి. 1997లో అమెరికాకు చెందిన జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) సంస్థ తన సొంత పనుల కోసం మన దేశంలో పెట్టుకున్న కేంద్రం అది. అప్పటి పేరు జెకిస్. 2004లో ఎక్కువ వాటా బయటి పెట్టుబడిదారులకు అమ్మారు. 2005లో పేరు మార్చుకుని అందరికీ సేవలందించే కంపెనీ అయింది. షేర్డ్ సర్వీసెస్‌లో ఉన్నవాళ్లు అవే కుర్చీల్లో కూర్చుని ఔట్‌సోర్సింగ్‌లోకి మారిపోయారు. ఉప్పల్ వైపు ఆ కంపెనీ బస్సులు చూసిన మనకు ఇది దూరపు కథ కాదు. మీరు ఈరోజు తీసుకునే నిర్ణయాన్ని ఐదేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. మార్చుకునే వీలుండేలా తీసుకోవడమే ముఖ్యం.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

చాలామంది ఖర్చుతో మొదలుపెడతారు. నేను వేరే చోట మొదలుపెడతాను. ఆ పనిలో ఎన్నిసార్లు ఫోన్ చేయాల్సి వస్తుంది?

ఎందుకు అలా అంటున్నానో ఒక సంఘటన చెబుతాను. నేను పనిచేసిన ఒక గ్రూపు జీతాల పనిని బయటి సంస్థకు అప్పగించింది. మంచి సంస్థే, పనిచేసేవాళ్లు తెలివైనవాళ్లే. ఆషాఢం వచ్చింది. బోనాల తర్వాతి సోమవారం ఇక్కడ సెలవు. ఫ్యాక్టరీ మూసి ఉంది, కార్మికులు రాలేదు. బయటి సంస్థ సిస్టమ్‌లో ఆ రోజు సెలవుగా లేదు. రెండు వందల మందికి పైగా కార్మికులకు ఒక రోజు జీతం కోత పడింది. జీతం మెసేజ్ వచ్చిన సాయంత్రం గేటు దగ్గర గుంపు చేరింది. నేను ఆ సంస్థకు ఫోన్ చేస్తే, "మీరు జనవరిలో పంపిన సెలవుల జాబితాలో అది లేదండీ" అన్నారు. తీసి చూస్తే నిజంగానే లేదు. అంతకుముందు పదిహేనేళ్లు జీతాలు చూసిన పెద్దాయనకు ఆ జాబితా అవసరమే పడలేదు. ఆయనకు బోనాలు ఎప్పుడో తెలుసు, విజయవాడ శాఖకు ఆ సెలవు లేదనీ తెలుసు, నైట్ షిఫ్టు వాళ్లకు క్యాంటీన్ డబ్బులు సగమే కోయాలనీ తెలుసు. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. కోత సరిచేయడానికి రెండోసారి జీతాల లెక్క నడిపారు. ఒప్పందం ప్రకారం దానికి అదనపు బిల్లు వచ్చింది, కట్టాం. ఆ రెండు రోజులు కార్మికులు మా మీద పెట్టుకున్న అనుమానానికి మాత్రం ఏ బిల్లూ లేదు.

నియమం కాగితం మీద ఉన్న పనిని ఎవరైనా చేయగలరు. నియమం ఒక మనిషి తలలో ఉన్న పనిని బయటికి పంపితే, నియమం ఇక్కడే ఉండిపోయి పని మాత్రం వెళ్తుంది. అందుకే ఒక నెల జీతాలో బిల్లులో తీసుకుని, ఎన్నిటిలో ఎవరినో అడిగి తెలుసుకోవాల్సి వచ్చిందో లెక్కపెట్టమంటాను. వందలో ఐదారు అయితే బయటికివ్వడానికి పని సిద్ధంగా ఉన్నట్టు. ఇరవై, ముప్పై అయితే ఇంకా లేనట్టు. ఈ హద్దులు ఏ పుస్తకంలోవీ కావు, నా అనుభవంలో తేలినవి.

మిగిలిన కొలమానాలు ఇవి. నెలకు పని ఎంత వస్తుంది, నెలనెలా ఎంత మారుతుంది? ఆ పనిలో తప్పు జరిగితే ఎవరికి నోటీసు వస్తుంది? ఉద్యోగుల ఆధార్, బ్యాంకు ఖాతా, జబ్బు వివరాల్లాంటి సమాచారం ఎంత చేతులు మారుతుంది? జీఎస్టీ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు, మీకు దొరుకుతుందా? ఆ పని నేర్చిన మనుషులు మీ దగ్గర నిలుస్తారా? రేపు దారి మార్చుకోవాలంటే ఎంత కష్టం?

ఖర్చు: కొటేషన్‌లో కనిపించేది, కనిపించనిది

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవి, మీవి మీరు వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

గ్రూపు మొత్తానికి సరఫరాదారుల బిల్లులు నెలకు 4,000 వస్తున్నాయి. బయటి సంస్థ బిల్లుకు 40 రూపాయలు అడిగింది. అంటే నెలకు 1,60,000. సొంత సెంటర్ పెడితే నెలకు వెయ్యి బిల్లులు చూసే క్లర్కులు నలుగురు, తలా 30,000 చొప్పున 1,20,000. వాళ్లపై ఒక లీడ్‌కు 65,000. ఐదుగురి కుర్చీ, కంప్యూటరు, సాఫ్ట్‌వేర్, అద్దె కలిపి తలకు 9,000 చొప్పున 45,000. సెలవుల్లో బదులు మనిషికి 15,000. మొత్తం 2,45,000. యజమానికి 1,60,000 పక్కన 2,45,000 పెట్టి చూపిస్తే ఇక చర్చ ఏముంటుంది? అక్కడితోనే సంతకం అయిపోతుంది.

కానీ ఆ 4,000లో 600 బిల్లులు సరుకు అందిన రసీదు లేకనో, పర్చేజ్ ఆర్డర్ ధరతో కుదరకనో ఆగుతాయి. వాటికి ఒప్పందంలో రెట్టింపు ధర ఉందనుకుందాం. అదనంగా 24,000. బయటి సంస్థ అడిగే ప్రశ్నలకు జవాబిచ్చి, వాళ్లు చేసింది సరిచూసే మనిషి మన దగ్గర ఒకరైనా ఉండాలి. 50,000. ఇప్పుడు ఔట్‌సోర్సింగ్ ఖర్చు 2,34,000. తేడా నెలకు 11,000 మాత్రమే.

ఇక్కడే జీఎస్టీ. బయటి సంస్థ వేసే 1,84,000 బిల్లు మీద 18% అంటే 33,120. తయారీ, వ్యాపార కంపెనీలకు ఇది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఆసుపత్రులు, బడులు, కాలేజీల ఆదాయంలో చాలా భాగం జీఎస్టీ మినహాయింపులో ఉంటుంది కాబట్టి వాళ్లకు ఆ మేరకు క్రెడిట్ రాదు. ఆ 33,120 పూర్తిగా ఖర్చే అయితే వాళ్ల ఔట్‌సోర్సింగ్ ఖర్చు 2,67,120. సొంత సెంటర్ కంటే 22,120 ఎక్కువ. సొంత ఉద్యోగికిచ్చే జీతం మీద జీఎస్టీ లేదు కదా. ఒకే పని, ఒకే ధర. ఫ్యాక్టరీకి ఒక జవాబు, ఆసుపత్రికి ఇంకో జవాబు.

పని తక్కువుంటే లెక్క మళ్లీ తిరగబడుతుంది. నెలకు 1,500 బిల్లులే అయితే అదే ధరల్లో బయటికివ్వడానికి 1,19,000 అవుతుంది. ఇద్దరు క్లర్కులు, ఒక లీడ్‌తో సొంత సెంటర్‌కు, సెలవుల్లో బదులు మనిషిని కలపకుండానే, 1,52,000 అవుతుంది. లీడ్ జీతాన్ని మోసేంత పని అక్కడ లేదు.

పన్నులో ఇంకో రెండు మాటలు

షేర్డ్ సెంటర్‌ను విడి కంపెనీగా పెడితే, అది మీ సొంత కంపెనీలకు చేసే సేవ మీదా 18% జీఎస్టీ వేయాలి. సొంతదేగా అని వదిలేయడానికి లేదు. సంబంధిత సంస్థల మధ్య లావాదేవీ కాబట్టి ధర ఎలా నిర్ణయించారో కాగితం కూడా ఉండాలి. ఒకే పాన్ కింద తెలంగాణలో, ఆంధ్రలో శాఖలుంటే, జీఎస్టీ దృష్టిలో అవి వేర్వేరు వ్యక్తులు. హైదరాబాద్ సెంటర్ విజయవాడ శాఖకు చేసిన పనికి విలువ కట్టి ఇన్వాయిస్ వేయడాన్నే క్రాస్ చార్జ్ అంటారు. 2023 జూలైలో వచ్చిన జీఎస్టీ సర్క్యులర్ ఇక్కడ పెద్ద ఊరట ఇచ్చింది. ఆ శాఖకు పూర్తి క్రెడిట్ దొరికితే, ఇన్వాయిస్‌లో వేసిన విలువనే మార్కెట్ విలువగా ఒప్పుకుంటారు. పూర్తి క్రెడిట్ రాని చోట కూడా, హెడ్డాఫీసు ఉద్యోగుల జీతాలను ఆ విలువలో తప్పనిసరిగా కలపనక్కర్లేదు. ఆసుపత్రుల గ్రూపులకు సొంత సెంటర్ వైపు మొగ్గడానికి ఇది గట్టి కారణం.

బయటి సంస్థకు ఇచ్చి, వాళ్లు రెండు రాష్ట్రాల శాఖలకూ కలిపి ఒకే బిల్లు వేస్తే, 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ క్రెడిట్‌ను ఇన్‌పుట్ సర్వీస్ డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ ద్వారానే పంచాలి. అంటే ఇంకో రిజిస్ట్రేషన్, నెలనెలా ఇంకో రిటర్ను. చిన్న విషయమే, కానీ ఒప్పందం రాసేటప్పుడు ఎవరూ చెప్పరు.

తప్పు ఎవరిది, నోటీసు ఎవరికి

పీఎఫ్ 15 దాటి కడితే వడ్డీ, జరిమానా పడతాయి. నోటీసు బయటి సంస్థకు రాదు, మీకొస్తుంది. చిన్న పరిశ్రమల బిల్లులకూ ఇదే వర్తిస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు దాటితే, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవాలి. ఈ నిబంధన వచ్చాక బిల్లు ఎంట్రీ గుమాస్తా పనిగా మిగల్లేదు. ఏ సరఫరాదారు చిన్న పరిశ్రమ కింద నమోదయ్యాడో తెలియని వాళ్ల చేతిలో చెల్లింపుల వరస పెడితే మార్చి నెలాఖరులో తెలిసొస్తుంది.

ఉద్యోగుల సమాచారమూ అంతే. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, పనిని బయటికిచ్చినా బాధ్యత సమాచారం సేకరించిన కంపెనీదే. సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. జీతాల ఎక్సెల్ షీట్‌ను వాట్సాప్‌లో పంపుకునే అలవాటు మన దగ్గర ఎంత మామూలో నాకు తెలుసు. ఔట్‌సోర్స్ చేసినా, సొంత సెంటర్ పెట్టినా, అది ముందు ఆగాలి.

సొంత సెంటర్ ఎక్కడ దెబ్బతింటుంది

ఇంతవరకు చదివినవాళ్లకు నేను సొంత సెంటర్ పక్షమని అనిపించొచ్చు. దాని కష్టాలు నేనే పడ్డాను కాబట్టి వాటి గురించీ వివరంగా చెప్పాలి.

ఐదు కంపెనీల అకౌంట్స్‌ను తెచ్చి కొండాపూర్‌లో ఒకే అంతస్తులో పెట్టాం. ఫోన్లు వద్దు, టికెట్ వేయండి, అంటే అడగాల్సింది కంప్యూటర్లో నమోదు చేయండి అన్నాం. అంతకుముందు పటాన్‌చెరు ఫ్యాక్టరీ స్టోర్స్ ఇన్‌చార్జి అకౌంటెంటు బల్ల దగ్గరికొచ్చి "అన్నా, ఆ అట్టపెట్టెల ఆయన బిల్లు చూడవా" అంటే సరిపోయేది. ఇప్పుడాయన టికెట్ వేయాలి. ఆయన వేశాడు. మావాళ్లు "రసీదు జతచేయలేదు" అని రాసి టికెట్ మూసేశారు. ఆయన మళ్లీ వేశాడు, మళ్లీ మూసేశారు. మూడో వారం అట్టపెట్టెల సరఫరాదారు లారీ పంపలేదు. ప్యాకింగ్ లైన్ ఒక పూట ఆగింది. మా నివేదికలో మాత్రం ఆ నెల 98% టికెట్లు గడువులోపే పూర్తి. అంకెలన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి.

మేం రోజుకెన్ని బిల్లులు చేశామో కొలిచాం, అన్నిటికంటే పాత బిల్లు వయసెంతో కొలవలేదు. ఆ నెల నుంచి ప్రతి సోమవారం పాత బిల్లులు ఇరవై తీసి ఒక్కోటి ఎందుకు ఆగిందో చూడడం మొదలుపెట్టాం. గురువారం గురువారం ఒకరు ఫ్యాక్టరీకి వెళ్లి స్టోర్స్‌లో కూర్చునేవారు. మూడు నెలల్లో పరిస్థితి కుదుటపడింది. బయటి సంస్థతో అయితే ఆ గురువారం ప్రయాణం ఒప్పందంలో ఉండేది కాదు. సొంత సెంటర్‌కు ఉన్న అసలు బలం ఇదే. దాన్ని వాడకుండా బయటి సంస్థలాగే నడిపితే, రెండిటి కష్టాలూ మిగిలి ఒక్క లాభమూ దక్కదు.

రెండో కష్టం మనుషులు. అమీర్‌పేటలో శాప్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వచ్చిన పిల్లాడికి మీరు రెండేళ్లు పని నేర్పుతారు. మాదాపూర్, గచ్చిబౌలిల్లోని విదేశీ కంపెనీల సెంటర్లకు కావాల్సింది సరిగ్గా అలాంటివాళ్లే. మీరు ఇచ్చే జీతంతో వాళ్లతో పోటీ పడలేరు. పడనవసరం లేని చోట సెంటర్ పెట్టండి. ఉప్పల్, నాగోల్, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు అకౌంట్స్ అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటికి దగ్గర్లో, మెట్రో స్టేషన్ పక్కన, సాయంత్రం ఆరుకు బయటపడే ఉద్యోగమంటే చాలామంది, ముఖ్యంగా చిన్నపిల్లలున్న తల్లులు, కొంచెం తక్కువ జీతమైనా నిలిచి పనిచేస్తారు. మా కొండాపూర్ సెంటర్‌లో తరచూ వెళ్లిపోయిన వాళ్లలో సగం మంది రోజుకు మూడు గంటలు ప్రయాణం చేసినవాళ్లే. చోటు ఎంపికలో అద్దె చూసుకున్నాం, మనుషుల ఇళ్లు ఎక్కడున్నాయో చూసుకోలేదు.

ఔట్‌సోర్సింగ్ ఎక్కడ నిజంగా మేలు

పని హెచ్చుతగ్గులున్న చోట. బట్టల షోరూముకు దసరా, సంక్రాంతి నెలల్లో బిల్లులు రెట్టింపవుతాయి. ఆ రెండు నెలల కోసం ఏడాది పొడవునా మనుషులను పెట్టుకోలేం. బయటి సంస్థ వేరే కస్టమర్ల పని నుంచి మనుషులను మళ్లించగలదు.

మీకు లేని నైపుణ్యం కావాల్సిన చోట. ఉద్యోగ దరఖాస్తుదారుల వివరాల తనిఖీ, సైబర్ భద్రత నిఘా, ఇరవై నాలుగు గంటల కాల్ సెంటర్ లాంటివి చిన్న గ్రూపు సొంతంగా కట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

ఒక పద్ధతి అలవడడానికి. బీపీఓలో నేను నేర్చుకున్న మేకర్-చెకర్ క్రమశిక్షణ, అంటే ఎంట్రీ చేసినవాళ్లు ఒకరు, ఆమోదించేవాళ్లు ఇంకొకరు అనే కట్టుబాటు, చాలా కుటుంబ వ్యాపారాల్లో ఉండదు. నమ్మకమైన మనిషి అని చెక్కు రాసేదీ, బ్యాంకు సరిచూసేదీ ఒక్కరికే అప్పగిస్తారు. బయటి సంస్థ వచ్చాక ఆ అలవాటు పోతుంది. ఇది ఏ కొటేషన్‌లోనూ కనిపించని లాభం.

పనులవారీగా నా మొగ్గు

మొత్తం అకౌంట్స్‌నో మొత్తం హెచ్ఆర్‌నో ఒకే దారిలో పంపాలని లేదు. ఒక్కో పనికి ఒక్కో జవాబు ఉంటుంది.

| పని | మొగ్గు | ఎందుకంటే |
|---|---|---|
| సరఫరాదారుల బిల్లుల ఎంట్రీ | నెలకు పని ఎక్కువుంటే సొంత సెంటర్, తక్కువుంటే బయటికి | ఆగిపోయే బిల్లుల శాతమే తేలుస్తుంది |
| చెల్లింపుల ఆమోదం, బ్యాంకు సంతకం | ఎప్పుడూ సొంతం | డబ్బు కదిలే చోటు |
| ఆఫీసు ఉద్యోగుల జీతాలు | బయటికివ్వొచ్చు | నియమాలు ఒకేలా ఉంటాయి |
| ఫ్యాక్టరీ కార్మికుల జీతాలు | సొంత సెంటర్ | షిఫ్టులు, ఓవర్‌టైమ్, సెలవులు, క్యాంటీన్ కోతలు |
| జీఎస్టీ, టీడీఎస్ రిటర్నులు | తయారీ బయటికి, సరిచూడడం సొంతం | నోటీసు మనకే వస్తుంది |
| బాకీల వసూలు | సొంతం | పాత కస్టమర్‌తో మాట్లాడే తీరు ముఖ్యం |
| కంప్యూటర్ల హెల్ప్‌డెస్క్ | బయటికి | పని అన్నిచోట్లా ఒకటే |
| ఆసుపత్రి బీమా క్లెయిములు | సొంత సెంటర్ | వైద్యులను అడిగి తెలుసుకోవాలి, రోగి సమాచారం |

బాకీల వసూలు గురించి ఒక మాట. ఇరవై ఏళ్లుగా సరుకు తీసుకుంటున్న వరంగల్ డీలరుకు ఎవరో తెలియని గొంతు ఫోన్ చేసి గడువు దాటిందని చెబితే, డబ్బు రావడం అలా ఉంచి ఆ సంబంధమే చెడుతుంది. ఇది బయటికిచ్చినవాళ్లు మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం నేను చూశాను.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఒకే కంపెనీ, వంద లోపు ఉద్యోగులు, అందరూ ఆఫీసువాళ్లే అయితే షేర్డ్ సర్వీసెస్ ఆలోచనే వద్దు. పంచుకోవడానికి రెండో కంపెనీ లేదు. జీతాలు, రిటర్నులు బయటికిచ్చి, సరిచూడగల ఒక మంచి అకౌంటెంటును నిలబెట్టుకోండి.

ఆసుపత్రులు, విద్యాసంస్థల గ్రూపులు జీఎస్టీ లెక్క పైన చూశారు కదా. సొంత సెంటర్ వైపు వెళ్లండి. విడి కంపెనీగా మాత్రం పెట్టకండి, పెడితే ఆ లాభం పోతుంది.

మూడు నుంచి ఆరు కంపెనీలున్న తయారీ గ్రూపులకే ఈ నిర్ణయం అన్నిటికంటే కష్టం. ఇక్కడ నా సలహా నెమ్మదిగా వెళ్లమని. ముందు ఎక్కడి పని అక్కడే ఉంచి, అన్ని కంపెనీల్లో ఒకే ఖాతాల పట్టిక, ఒకే సరఫరాదారుల కోడ్‌లు, ఒకే ఆమోద పద్ధతి తీసుకురండి. ఆరు నెలలు పడుతుంది. తర్వాత సొంత సెంటర్‌కు తెండి. అక్కడ ఏడాది నడిచాక, ఫోన్ అక్కర్లేకుండా సాగే పనులేవో వాటంతటవే తెలిసిపోతాయి. వాటిని బయటికిచ్చే మాట అప్పుడు ఆలోచించండి. గందరగోళాన్ని అలాగే బయటికి పంపితే అది సరి కాదు, దానికి నెలనెలా బిల్లు రావడం మొదలవుతుంది.

ఇన్వెస్టర్ల డబ్బుతో వేగంగా పెరుగుతున్న స్టార్టప్‌కు ఏడాదిలో ఉద్యోగులు మూడింతలు కావొచ్చు, సగమూ కావొచ్చు. వాళ్లకు ఔట్‌సోర్సింగే సరి. లెక్కల పుస్తకాలు, పాస్‌వర్డులు, జీఎస్టీ పోర్టల్ లాగిన్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు మాత్రం తమ దగ్గరే ఉంచుకోవాలి. ఓటీపీ బయటి సంస్థ ఉద్యోగి ఫోన్‌కు వెళ్లే ఏర్పాటు ఉంటే, ఆ ఉద్యోగి మానేసిన రోజు మీ రిటర్ను ఆగుతుంది.

ఇన్నేళ్లుగా పనిచేస్తున్న మనుషుల సంగతి కూడా ఈ నిర్ణయంలో భాగమే. నాలుగు ఫ్యాక్టరీల్లోని అకౌంట్స్ వాళ్లను పిలిచి "పని మారుతోంది" అని చెప్పే రోజున, వాళ్లలో ఎవరికి కొత్త సెంటర్‌లో చోటుందో అప్పటికే తేల్చి ఉండాలి. ఆ ఒక్కమాట లేకుండా ప్రకటిస్తే, నియమాలన్నీ తలలో పెట్టుకున్న ఆ పెద్దాయన మొదట రాజీనామా చేస్తాడు.

సంతకం పెట్టే ముందు

బయటికిస్తున్నట్లయితే ఒప్పందంలో విడిపోయే పద్ధతి ముందే రాయించండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు, ఆ సంస్థ మీద ఆధారపడ్డ కస్టమర్లు ఎంత కంగారు పడి ఉంటారో ఊహించండి. ప్రభుత్వం బోర్డును మార్చి, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రాను కొత్త యజమానిగా ఎంపిక చేసేదాకా మూడు నెలలు గడిచాయి. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది. మీరు పని అప్పగించే సంస్థ చిన్నదైతే ఇంకా జాగ్రత్త పడాలి. నోటీసు ఇచ్చిన తొంభై రోజుల్లో మొత్తం డేటా మామూలుగా తెరవగలిగే రూపంలో ఇవ్వాలి, ఆ తొంభై రోజులూ పని ఆగకూడదు, పద్ధతులు రాసిన పుస్తకం మీ ఆస్తిగా ఉండాలి. ఈ మూడూ లేకుండా సంతకం వద్దు.

'స్కోప్‌లో లేదు', అంటే ఒప్పుకున్న పనిలోకి రాదు, అనే మాట బయటి సంస్థ నుంచి ఎన్నిసార్లు వినాల్సి వస్తుందో ముందే తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. మీ గత మార్చి నెల బిల్లుల్లోంచి యాభై కష్టమైనవి ఏరి, పేర్లు తీసేసి, కొటేషన్ ఇచ్చేవాళ్ల ముందు పెట్టండి. ఒక్కోదానికీ ఏం చేస్తారో, ఎంత వేస్తారో రాయమనండి. ధర తక్కువ చెప్పినవాళ్లలో కొందరు ఇక్కడే వెనక్కి తగ్గుతారు.

సొంత సెంటర్ అయితే అదే యాభై బిల్లులను మీ అకౌంటెంట్ల ముందు పెట్టండి. జీతాల పని చూసే పెద్దాయన ఉంటే, ఆయన పక్కన ఒక కుర్రాడిని కూర్చోబెట్టి నెల రోజులు రాయించండి: ఏ సెలవు ఎక్కడికి వర్తిస్తుంది, ఎవరి కోత ఎందుకు సగం, ఏ కాంట్రాక్టరు హాజరుపట్టీ ఎప్పుడొస్తుంది. మా గ్రూపులో ఆ పని చేసినప్పుడు నలభై మూడు పేజీలైంది. బోనాల సెలవు మొదటి పేజీలోనే ఉంది.